బావ లేకుండా నడవాల్సిన ఏర్పాటు

మా బావకి చెడు ఊహించడమే ఉద్యోగం. ఇల్లు కొనేటప్పుడు కూడా వంటగది చూడలేదు, వరద వస్తే నీళ్లు ఎంతదాకా వస్తాయని అడిగాడు. జనం అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే ఆ కాల్ అందుకుని, దగ్గర్లో ఏ బండి ఉందో చూపే కంప్యూటర్లు ఆయన చేతిమీదుగా నడుస్తాయి. అవి రెండు ఊళ్లలో, రెండు డేటా సెంటర్లలో ఉంటాయి. ఒకటి కాలిపోయినా, మునిగిపోయినా రెండోది పని అందుకోవాలి.

వినడానికి ఇంతే. చిక్కల్లా మధ్యలో ఉన్న కేబుల్‌తోనే. అది తెగితే రెండు సెంటర్లూ బతికే ఉండి, అవతలిది పోయిందనుకుంటాయి. రెండూ పెత్తనం మొదలుపెడితే ఒకే బండిని రెండు చోట్లకి పంపుతాయి. అందుకని బావ మూడో ఊళ్లో చిన్న మెషీన్ ఒకటి పెట్టాడు. అది ఎటు మొగ్గితే అటే పెత్తనం. దాన్ని కూడా నమ్మలేదు మహానుభావుడు! పని చేతులు మారే ముందు ఒక మనిషి కోడ్ కొట్టి సరే అనాలని ఇంకో గొళ్లెం పెట్టాడు.

ఇంతలో ఆయన గుండెలోనే ఒక రక్తనాళం మూసుకుపోయిందన్నారు. వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారు. బావ రెండుసార్లు వాయిదా వేశాడు. "నేను మత్తులో ఉండగా ఏదన్నా అయితే ఎవరు చూస్తారు? ఉత్తుత్తి ప్రమాదం పెట్టి చూసే డ్రిల్ ఒక్కటి నెగ్గనీ, వెళ్లి పడుకుంటా" అనేవాడు. అక్క ఏడ్చింది, అరిచింది, చివరికి మాట్లాడటం మానేసింది. ఆయన్ని కారు నడపొద్దన్నారు కాబట్టి ఆఫీసుకి తిప్పే పని నా నెత్తిన పడింది.

డ్రిల్ రోజున బావ పనిచేసే మొదటి సెంటర్ కాలిపోయిందనుకోవాలి. అందులోని వాళ్లంతా పోయినట్టే లెక్క. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, ఫోన్ ఎత్తకూడదు. ఫోన్లన్నీ క్యాంటీన్ కౌంటర్ సొరుగులో పడేసి అక్కడే కూర్చోవాలి. నిజంగా వచ్చే కాల్స్‌ని ఆ కాసేపూ సిబ్బంది కాగితాల మీద రాసుకుని చూసుకుంటారు.

బావ చల్లారిన టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన నేను. సొరుగులో ఆయన ఫోన్ కుయ్‌మంది. బావ మొహం పాలిపోయింది.

"అయ్యో, ఆ కోడ్ నా ఫోన్‌కే వస్తుంది!"

అన్నిటికీ జత పెట్టిన మనిషి, ఆ కోడ్ ఒక్కటీ తన జేబుకే కట్టేసుకున్నాడు. రెండో సెంటర్ చూసే అమ్మాయి, పాపం, తెర ముందు చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.

"తీసి చెప్పెయ్ బావా, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. నా బెంగ డ్రిల్ గురించి కాదు. ఇది పోతే ఆపరేషన్ మళ్లీ వాయిదా పడుతుంది.

ఆయన లేచాడు. సొరుగుదాకా వెళ్లాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు.

"చచ్చినవాడు కోడ్ చెప్పడు మరదలా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిజంగా చస్తే అప్పుడు తెలుస్తుంది!" అని అరిచేశాను. క్యాంటీన్ అంతా మా వైపు తిరిగింది. డ్రిల్ పోయింది. తప్పు తనదేనని బావ పైవాళ్లకి చెప్పి, ఆ కోడ్ రెండో సెంటర్లోని ఇద్దరిలో ఎవరికైనా వెళ్లేలా మార్చాడు. తర్వాత నేను భయపడ్డట్టే "ఇంకొక్క డ్రిల్" అన్నాడు.

అప్పుడు అక్క నోరు విప్పింది, ఆయనతో కాదు. రెండో సెంటర్ అమ్మాయికి ఫోన్ చేసింది.

"మీ డ్రిల్ ఈయన ఆపరేషన్ రోజునే పెట్టండమ్మా. ఈయన నిజంగా అందకుండా ఉండేది అప్పుడే కదా."

బావ ఆ మాటలో తప్పు వెతికాడు, దొరకలేదు. ఆయన పద్ధతే అది మరి.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక అక్కడ డ్రిల్ మొదలైంది. కేబుల్ పీకారు, కోడ్ ఆ అమ్మాయికి వచ్చింది, రెండో సెంటర్ పని అందుకుంది. పరీక్షకి చేసిన కాల్స్‌లో ఒక్కటి కూడా పోలేదు. ఆస్పత్రి వరండాలో అక్క ఆ కబురు చదివి ఫోన్ పక్కన పెట్టేసింది. ఆవిడ కళ్లు ఆపరేషన్ గది తలుపు మీదే ఉన్నాయి.

సాయంత్రానికి బావకి తెలివొచ్చింది. పెదవులు కదిపాడు. ఆయన అడగకముందే నేను చెప్పాను.

"నెగ్గింది బావా. నువ్వు లేకుండానే."

ఆయన కళ్లలోంచి నీళ్లు జారాయి. ఇన్నేళ్లూ దానికోసమే పాటుపడి, తీరా అది జరిగాక మనసు కష్టపెట్టుకున్నాడు. నాకు జాలేసింది.

అక్క దుప్పటి సర్దుతూ, "అక్కడ మీకు బదులు మనుషులున్నారుగా, సంతోషం" అంది. "నాకెవరున్నారండీ?"