కవాడిగూడ వైపు గేటు

పదవీ విరమణకు రెండేళ్ళు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను మునిసిపల్ కార్పొరేషన్‌లో చిక్కడపల్లి సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. చేరిన రోజే నా బల్ల మీదికి పాత సైడింగ్ ఫైలు వచ్చింది. సైడింగ్ అంటే మెయిన్ లైను నుంచి చీలి ఏదైనా ఫ్యాక్టరీలోకి వెళ్ళే రైలు దారి. కవాడిగూడ వైపున్న మిల్లు మూతపడ్డాక దాని పట్టాలు పీకేశారు. కంకర, తుమ్మచెట్లు మిగిలాయి. ఆ సన్నటి జాగాను అశోక్‌నగర్ దాకా వాకింగ్ ట్రాక్‌గా మార్చమని ఉత్తర్వు.

సర్వే నేనే చేయించాను, ప్లాను నేనే గీయించాను. రెండు చివర్లా రెండు గేట్లు, మధ్యలో ఉన్న వేపచెట్లను కొట్టకుండా వాటి పక్కనుంచి వంపు తిరిగే బాట. పైవాళ్ళు మంజూరు చేశారు. పని నడిచినన్నాళ్ళూ నాకు గర్వంగానే ఉండేది.

పని చివరికొచ్చిన వారంలో మూడు రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి కవాడిగూడ వైపు గేటు ఉండాల్సిన చోట ఆరడుగుల గోడ లేచి ఉంది. మేస్త్రీ దానికి నీళ్ళు కొడుతున్నాడు. ఎవరు కట్టమన్నారంటే ఈఈ గారన్నాడు. ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, నా పై అధికారి.

అక్కడే ఒకావిడ మేస్త్రీతో వాదిస్తోంది. పేరు యాదమ్మ. ఇల్లు కవాడిగూడ బస్తీలో, పని అశోక్‌నగర్‌లో మూడిళ్ళలో. ఇరవై ఏళ్ళుగా ఆ కంకర మీదే వచ్చి పోతోందట. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆలస్యమై, మొదటి ఇంటివాళ్ళు ఇక రావద్దన్నారట. నేను ఇంజనీరునని తెలిసి నా వైపు తిరిగింది.

"నడిచేటోళ్ళకు బాట ఏస్తున్నరంటే మంచిగైతదనుకున్న సారూ. ఇన్నేండ్ల సంది నడుస్తున్న మేము మీకు నడిచేటోళ్ళ లెక్క కనవడలేదా?"

నేరుగా ఈఈ గదికి వెళ్ళాను. దొంగల భయం ఉందని, ఒకే గేటు చాలని అశోక్‌నగర్ కాలనీ సంఘం వాళ్ళు కోరారని ఆయన చెప్పారు. మంజూరైన ప్లానును మార్చాలంటే మంజూరు చేసినవారి అనుమతి కావాలని గొంతు పెంచే చెప్పాను. ఆయన నిదానంగా ఫైలు తిప్పి ఒక పేజీ నా ముందుకు జరిపారు. అది నేను చేరిన వారంలో రాసిన స్థల నివేదిక. "బస్తీవాసుల అనధికార రాకపోకలు ఉన్నవి. నివారించవలెను." కింద నా సంతకం.

"నివారించమన్నది మీరే కదండీ," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. రైల్వే జాగా అనగానే అందరూ రాసే వాక్యమది. నేనూ కుర్చీలో కూర్చుని, ఎవరినీ అడగకుండా రాసేశాను.

మరుసటి రోజు నుంచి మూడు పొద్దులు ఆ గోడ దగ్గర నిలబడి, చుట్టూ తిరిగి వెళ్తున్నవాళ్ళ వివరాలు రాసుకుని సవరణ నివేదిక పంపాను. దాని మీద ఈఈ "చూడడమైనది" అని రాసి ఫైలులో కట్టారు. పని పూర్తయినట్టు ఇచ్చే ధ్రువపత్రంలో, మంజూరైన ప్లాను ప్రకారం జరిగిందా అన్న గడి ఉంటుంది. అందులో "లేదు, గేటు బదులు గోడ కట్టారు" అని రాశాను. పది రోజుల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. నా చోటికి వచ్చినాయన కొత్త పత్రం మీద సంతకం పెట్టాడు. రిబ్బను కత్తిరించారు.

గోడ ఇప్పటికీ ఉంది. యాదమ్మ మిగతా రెండిళ్ళ పనీ పోగొట్టుకుని బస్తీ దగ్గరే ఒక హాస్టల్లో పనికి కుదిరిందని తరవాత తెలిసింది. నారాయణగూడలో మా వీధివాళ్ళు ఆ ట్రాక్ ఎంత బాగుందో చెబుతుంటే నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను. ఈఈ మీద కోపం కొంత తగ్గింది. ఆ రెండు ముక్కలు రాసిన నా చేతి మీద తగ్గలేదు.

నేర్చుకున్నది ఇంతే. సర్వే షీటులో కాలిబాటను చుక్కల గీతతో చూపిస్తాం. ఆ చుక్కల మీద ఎవరు, ఎక్కడికి, ఏ పనికి పోతున్నారో అడగకుండా నివేదిక రాయకూడదు. రాస్తే, ఆ కాగితంతోనే వాళ్ళ దారి మూస్తారు.