ఆనందకుమారి లేపిన కారు

కోట ఊళ్లో ఆనందకుమారి అంటే జాకెట్లు బాగా కుట్టే ఆమె అని అందరికీ తెలుసు. ట్రాక్టరు తోలగలదని చాలామందికి తెలియదు. పెళ్లికి ముందు కోవూరులో నాన్న పక్కన కూర్చుని దమ్ముచేలోనే నేర్చుకుంది. తర్వాత పట్టుబట్టి కారు లైసెన్సూ తెచ్చుకుంది. తోలడానికే కారు లేదు.

అందుకే, వెంకటాచలంలో ఉండే తమ్ముడు నరేంద్రబాబు తన పాత కారును తూకానికి అమ్మేస్తానంటే ఫోన్లోనే కేకేసింది.

"తూకానికా? నాకియ్‌రా!"

ట్రాక్టరు వెనక తాడుతో కట్టి లాగిస్తే కారు ఇల్లు చేరింది. రంగు పెచ్చులూడిపోయింది. తలుపు తీస్తే తుప్పు పొడి రాలింది. డ్రైవరు కాళ్లు పెట్టేచోట పెద్ద చిల్లి, అందులోంచి నేల కనిపిస్తోంది. రొయ్యల చెరువు నుంచి వచ్చిన భర్త మాథ్యూ దాని చుట్టూ తిరిగి తల పట్టుకున్నాడు.

"మెకానిక్కు హజరత్తయ్యకు చూపిద్దాం. ఈ పని మనవల్ల అయ్యేదా?"

"చిరిగిన చోట అతుకెయ్యడం నాకు కొత్తా? నా బండి నేనే లేపతా, చూడు!"

ఆ రోజు నుంచి కుట్టుమిషను కన్నా కారు దగ్గరే ఎక్కువసేపు ఉండేది. గరుకు కాగితంతో తుప్పు రుద్దేది, ఎర్ర రంగు పూసేది. నూనె డబ్బా రేకు కత్తిరించి చిల్లికి అతుకేసింది. ఫోన్లో వీడియోలు చూస్తూ ప్లగ్గులు విప్పి తుడిచింది, కొత్త బ్యాటరీ బిగించింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు కారు ముందు నిలబడి కబుర్లు చెప్పి ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు.

ఆదివారం చర్చి నుంచి రాగానే, పట్టుచీర కూడా మార్చుకోకుండా తాళం తిప్పింది. కారు దగ్గింది. మళ్లీ తిప్పింది. నల్లటి పొగ కక్కింది. ఇంకోసారి తిప్పేసరికి ఇంజను బుర్రుమంటూ అందుకుంది!

"లేచింది! మాథ్యూ, లేచింది!"

ఆ ఊపులో గేరు వేసి రోడ్డెక్కించింది. "బ్రేకులు చూసినావా?" అని మాథ్యూ వెనక పరుగెత్తుతూ అరిచిన అరుపు ఇంజను మోతలో కలిసిపోయింది.

మలుపు దగ్గర బ్రేకు నొక్కితే పెడలు అడుగుదాకా పోయింది. బండి ఆగలేదు. చేతిబ్రేకు లాగితే తీగ తెగి చేతికొచ్చింది. ముందు రోడ్డు మీద గేదెలు. గేరు తగ్గించి, హారను మోగిస్తూ, స్టీరింగు పక్కకు తిప్పేసింది. కారు రోడ్డు పక్కనున్న రైతు కామాక్షయ్య కళ్లంలోకి దూరి గడ్డివామిలో సగందాకా దిగబడి ఆగింది.

కామాక్షయ్య పరుగున వచ్చి తలుపు లాగాడు. "ఏందమ్మా ఇది! దెబ్బలేమన్నా తగిలినాయా?"

"లేదు పెద్దాయనా. బండి నడిచింది, చూసినావా!" అంది తలలో గడ్డిపోచలతో. నవ్వుతూనే రోడ్డు మీది గేదెల వైపు చూసింది. గేదెల స్థానంలో పిల్లలుండి ఉంటే? ఆ తలపుతో నవ్వు ఆగిపోయింది. మాథ్యూ వచ్చేలోపే నేరుగా హజరత్తయ్య షెడ్డుకు నడిచింది.

"అన్నా, బ్రేకులు నావల్ల కాదు. మా ఇంటికొచ్చి చెయ్యి. నేను పక్కనే ఉండి నేర్చుకుంటా."

కారును ట్రాక్టరుతో ఇంటికి లాగించాక, హజరత్తయ్య వచ్చి దాని కిందికి దూరాడు. తుప్పు శుభ్రంగా తీశావని మెచ్చుకున్నాడు. డబ్బా రేకు మాత్రం పీకి అవతల పారేశాడు.

"కాళ్ల కింద ఇది ఆగదమ్మా. మందం రేకు పెట్టి వెల్డింగు చెయ్యాల."

ఆమె ఆ రేకు వేయించింది, చేతిబ్రేకుకు కొత్త తీగ పెట్టించింది. అతను బ్రేకు గొట్టాలు మార్చాక లోపల కూర్చుని, "తొక్కు... పట్టు... వదులు" అని కింద నుంచి అతను చెప్పినట్టల్లా చేసింది. గొట్టాల్లోని గాలంతా పోయి, పెడలు పాదం కింద గట్టిగా నిలిచిన క్షణంలో, "బిగిసిందన్నా!" అని అరిచింది. అతను ఉలిక్కిపడి లేవబోతే తల కారు అడుగుకు కొట్టుకుంది.

ఇంటి ముందు పదేపదే ఆపి చూసుకున్నాకే రోడ్డెక్కింది. ఈసారి మాథ్యూ కూడా ఎక్కాడు, తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని. సముద్రం వైపు తిప్పింది. రొయ్యల చెరువులు దాటేసరికి అతని చేతులు వదులయ్యాయి. సరుగుడు తోట దాటగానే కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"కుమారీ, కొంచెం బిరబిరా తోలు!"