కోళ్ళు నీళ్ళు తాగే చిప్ప

రాజూరాల వర్ధా నది మీద వల వేసేటోళ్ళల్ల నాంపెల్లిని మించినోడు లేడని ఊరంతా అంటది. ఊరికంటే ముందు నాంపెల్లే అంటడు. తొంభై ఐదో సంవత్సరంల చేపల సొసైటీ పదిమందిని కొంకణ్ తీరం చూపెట్టనీకి తీస్కపోతే, చంద్రపూర్ స్టేషన్ల రైలెక్కింది మొదలు కోతలే కోసిండు. "సముద్రమైతే ఏంది? మన వర్ధాకు పెద్దన్న, గంతే!"

మొదటి పొద్దే, అక్కడి బెస్తలు ఒడ్డుకు వల గుంజుతుంటే బండి చక్రమంత తాబేలు చిక్కి వచ్చింది. "జరుగుండ్రి!" అని నాంపెల్లి ఎగబడి దాన్ని వెల్లకిల తిప్పేసిండు. నది మీద గట్లనే చేస్తరు. వెల్లకిల పడ్డ తాబేలు యాడికీ పోదు, పొద్దుగూకేసరికి కూరైతది. దాని మీద కాలు పెట్టి, మెచ్చుకుంటరని చుట్టూ చూసిండు.

ముసలి బెస్త ఒకాయన వచ్చి, "కాలు తియ్యి భావూ" అని మరాఠీల మెల్లగ అన్నడు. తాబేలును బోర్ల తిప్పి, చుట్టుకున్న తన కొత్త వలను కత్తితోని కోసి, తాబేలును నీళ్ళల్లకు ఇడిసిపెట్టి దేవునికి పెట్టినట్టు దండం పెట్టిండు. తిట్టినా బాగుండేది. నాంపెల్లికి తల కొట్టేసినట్టయింది. ఉన్న నాలుగు దినాలు సముద్రం దిక్కు తలెత్తి చూడలే.

ఇంటికి రాంగనే పెండ్లాం మల్లుబాయి ఎదురొచ్చి, "సముద్రం ఎట్లుంది?" అనడిగింది.

వాకిట్ల కోళ్ళు నీళ్ళు తాగుతున్నయి, ఎప్పుడో నాంపెల్లి పట్టి తిన్న తాబేలు చిప్పల. నాంపెల్లి పోయి నీళ్ళు పారబోసి, చిప్పను బోర్లించిండు.

"అయ్యో, కోళ్ళు ఏంట్ల తాగాలె?"

చిప్ప మీద పెట్టిన చెయ్యి తియ్యలేక, అట్లనే కూసున్నడు.