వచ్చెయ్ బావా, అన్నాను

ఏళ్ళ తరబడి మోస్తున్న బరువు ఒకటుంది. నా భార్యకు తెలియదు. అమ్మానాన్నలకూ తెలియదు. మీరు నాకు ఏమీ కారు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను విమానం నడుపుతాను. అప్పలరాజు నడపడు. అందుకు కారణం నేను.

ఇద్దరం గాజువాకలో ఇంటర్ కలిసి చదివాం, చుట్టరికం లేకున్నా బావా అని పిలుచుకునేవాళ్ళం. మా నాన్నది స్టీల్ ప్లాంటు ఉద్యోగం. వాళ్ళది యారాడ, చేపల వేట. పైలట్ కావాలన్న కోరిక ముందు వాడికే పుట్టింది. వాణ్ణి చూసి నాకు అంటుకుంది. నాన్నకు లోను దొరికింది గనక నేనే ముందు వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాను.

కొన్ని నెలలకే ఆ స్కూలు సంగతి అర్థమైంది. ఎగిరే విమానం ఒక్కటే. మిగతావి విడిభాగాలు లేక షెడ్డులో పడి ఉన్నాయి. లైసెన్సుకు కావలసిన గంటలు ఎగరాలంటే వంతు రావాలి, అది రాదు. యూనిఫాం వేసుకుని, ఆ రోజు ఎగిరేవాళ్ళ పేర్లు రాసే బోర్డు మీద పేరు వెతుక్కోవడం, తిరిగొచ్చి పడుకోవడం. ఒకరోజు యజమాని గదికి పిలిచి, మీ ఊరి నుంచి ఎవరినైనా చేర్పిస్తే నీ గంటలు ముందు పూర్తి చేయిస్తానన్నాడు.

ఆ వారంలోనే అప్పలరాజు ఫోన్ చేశాడు. వాడికి ఇంకో స్కూల్లో సీటు ఖాయమైంది. అది మంచిదని నాకు తెలుసు.

“బావా, ఆ స్కూల్లో సేరమంటావా, నీ కాడికి రమ్మంటావా? మా అయ్య బోటు అమ్మేత్తన్నాడు. నువ్వు ఏటి సెప్తే అదే అంటన్నాడు. అక్కడ ఫ్లయింగ్ బాగా అవతందా?”

  జవాబు చెప్పేటప్పుడు నాకు బోటు గుర్తుంది, షెడ్డు గుర్తుంది, వాడు నన్ను నమ్ముతాడన్నదీ గుర్తుంది.

“బాగానే అవతంది. వచ్చెయ్ బావా. నానున్నాను గదా.”

వచ్చాడు. యజమాని మాట నిలబెట్టుకున్నాడు. నా పేరు బోర్డెక్కింది, వాడిది ఎక్కలేదు. నేను విమానం దిగి వస్తుంటే వాడు ఎదురొచ్చి, ల్యాండింగ్ ఎలా జరిగిందని అడిగేవాడు. అసూయ లేకుండా అడిగేవాడు. అది భరించలేక మెస్సులో వేరే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను.

నాకు లైసెన్సు వచ్చాక కొన్నాళ్ళకు స్కూలు మూతపడింది. మరో చోట చేరడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. లైసెన్సు కోసం వాడు పాసైన పరీక్షలు చెల్లే గడువూ తీరిపోయింది. వాళ్ళ అయ్య పరాయి బోటు మీద కళాసీగా వేటకు వెళ్ళాడు. అప్పలరాజు ఇప్పుడు పోర్టులో ట్రెయిలర్ నడుపుతున్నాడు.

ఎందుకు చేశాను? నా గంటలు ఎప్పటికీ పూర్తికావేమోనని భయపడ్డానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. భయమే అయితే, వాడు వచ్చిన రోజైనా నిజం చెప్పి వెనక్కి పంపేవాణ్ణి కదా? వాడు నాకన్నా మంచి పైలట్ అవుతాడని నాకు తెలుసు. అది నాకు ఇష్టం లేదేమో.

మొన్న వాళ్ళ అయ్య పోతే యారాడ వెళ్ళాను. వాడు నా చెయ్యి పట్టుకుని బంధువులతో, “మా బావ. నాకు సానా సాయం సేశాడు. నాకే రాత లేదు,” అన్నాడు. తల దించుకున్నాను. దుఃఖమనుకున్నారు. ఆ రోజు చెబితే వాడికి తండ్రితో పాటు స్నేహితుడూ పోతాడని, వాడి మేలు కోరే ఊరుకున్నానని తిరుగుదారిలో అనుకున్నాను. అదీ అబద్ధమే.

ఇప్పుడూ చెబుతున్నది మీకు, వాడికి కాదు. ఆ తేడా నాకు తెలుసు. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. నా గంటల కోసం అప్పలరాజును ముంచాను. ఈ మాట ఇంతవరకు మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. కొట్టెయ్యడం లేదు.