డబ్బాలో పట్టని తలుపు

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఫైబర్ ఒక్కటే, ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే సన్నటి తీగ. డిగ్రీ కాగానే కోదాడలో ఆ కనెక్షన్లు అమ్మే ఉద్యోగంలో చేరాను. లోకమంతా నా తీగ కోసమే ఎదురుచూస్తోందని గట్టి నమ్మకం (ఆ సంగతి లోకానికి ఎవరూ చెప్పలేదు). ఎంత తిరిగినా ఒక్క కనెక్షనూ కుదరలేదు. చివరికి మా సారు పిలిచి, "ఈ వారంలో ఒక్కటన్నా తేకపోతే మిర్యాలగూడ వెళ్లిపో అమ్మాయ్" అన్నారు. సొంతూరే గానీ, ఓడిపోయి వెళ్లాలంటే ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే గరిడేపల్లి నుంచి ఒక అవ్వ ఫోన్ చేసింది. నేను పంచిన కరపత్రం చూసిందట. 'మీ ఇంటికే వచ్చి ఫైబర్ బిగిస్తాం' అని అందులో రాసింది నేనే. "జల్ది రా బిడ్డా, మస్తు పరేషానైతున్నం" అంది. రౌటర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. వెళ్లేసరికి చెదలు తిన్న వాళ్ల బాత్రూమ్ తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది. "పాతది పీకేసినం. ఏది బిడ్డా, ఫైబర్?" అంది అవ్వ. నేను గర్వంగా డబ్బా చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత డబ్బల తలుపెట్ల పట్టింది?" అని అడిగింది.

మా వైపు బాత్రూమ్‌కు పెట్టే ప్లాస్టిక్ తలుపునూ ఫైబరే అంటారు. నా కరపత్రంలో తీగ అన్న మాటే లేదు మరి! సాయంత్రానికి బాలింత కోడలు దవాఖాన నుంచి వస్తోందట. "దుప్పటి అడ్డం కట్టుకొని తానం చెయ్యమందునా?" అని అవ్వ కూలబడింది. అరుగు మీది తాత మాత్రం డబ్బా వైపు అనుమానంగా చూస్తూ, "డాక్టరు నన్ను ఫైబర్ తినుమన్నడు. గది గిదేనా?" అన్నాడు.

అవ్వ ముఖం చూస్తే నా కనెక్షన్ ఊసెత్తబుద్ధి కాలేదు. ఆవిడిచ్చిన పైసలతో నేరేడుచర్ల వెళ్లి తలుపు కొని, ఆటో మీద కట్టించి, జారిపోకుండా చెయ్యి బయటపెట్టి పట్టుకుని వచ్చాను. "ఏందక్కా, కొత్తిల్లు తలుపు తోటి షురూ చేసినవా?" అని డ్రైవర్ ఒకటే నవ్వు. కోడలు ఇల్లు చేరేసరికి వడ్రంగి ఆఖరి స్క్రూ బిగిస్తున్నాడు.

కథంతా విని కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది (పచ్చి బాలింత, నాకు భయమేసింది). "మా ఆయన పుణెల ఉంటడక్కా. ఫోన్ల పాపను సూపిద్దమంటే బొమ్మ ఆగిపోతది. నీ ఫైబర్ గూడ పెట్టు" అంది. "పెట్టు బిడ్డా, నీదీ ఫైబరే గద" అంది అవ్వ. అదే నా మొదటి కనెక్షన్. పాప ఆవులింతను పుణెలోని తండ్రి ఆగకుండా చూసిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు సూర్యాపేటలో ఆఫీసు నేనే చూస్తున్నాను. మొన్న డాక్టరమ్మ "తిండిలో ఫైబర్ పెంచండి" అంటే, "ఎంత స్పీడు మేడమ్?" అని నోటిదాకా వచ్చింది. కొర్రన్నం ముందు కూర్చుంటే తాత గుర్తొస్తాడు, ఆటోలోని ఆ పిల్లా గుర్తొస్తుంది. దానికి తెలిసింది ఒక్క ఫైబరే, కానీ తలుపును మాత్రం గరిడేపల్లి వచ్చేదాకా వదల్లేదు.