ఒలిచిన విత్తనం

డిగ్రీ పిల్లలకు పెట్టుబడికీ వినియోగానికీ తేడా చెప్పమని పుస్తకంలో ఫ్యాక్టరీ బొమ్మ వేశారు. ఒళ్లు మండుతుంది నాకు. మా కళ్యాణదుర్గం దిక్కు ఫ్యాక్టరీ ఎవడు చూశాడు? నేను మా వేరుశనగ పచ్చడి, ఊరుబిండి సంగతి చెబుతాను. చెనక్కాయ విత్తనం మట్టిలో వేస్తే పెట్టుబడి, వేయించి రోట్లో నూరితే వినియోగం. పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

తొంభైల చివర వరసగా పంటలు పోయాయి. మా ఇంట్లో మిగిలినవి విత్తనానికి దాచిన కాయలే. ఆకలేసినా వాటి జోలికి పోకూడదు. కాయగా ఉన్నంతకాలం విత్తనం పదిలం. ఒలిచి పెట్టుకుంటే మొలిచే సత్తువ పోతుంది. అలాగని వాన పడ్డాక ఒలుస్తూ కూర్చుంటే నేలలో పదును, విత్తడానికి కావాల్సిన ఆ తడి, ఆరిపోతుంది.

ఆ ఏడు మృగశిర కార్తెలో మబ్బు కమ్ముకుంది.

"ఇంకేం చూస్తాండారు? ఒలవండి," అన్నాడు నాయన.

"చినుకు పడనీ. తొందరేముండాది?" అంది అమ్మ.

"పదును ఆరిపోతే నువ్వొచ్చి తడుపుతావా?"

ఇంటిల్లిపాదీ కూర్చుని బొటనవేళ్లు పొక్కేదాకా ఒలిచాం. గాలి లేచింది. మబ్బు చెదిరిపోయింది. తర్వాత వారాల తరబడి చుక్క లేదు. నాయన గుప్పెడు విత్తనాలు తడిగుడ్డలో కట్టి చూశాడు. సగం కూడా మొలకెత్తలేదు.

"మొలిచినకాడికి పల్చగా విత్తుకుందాం. మళ్లా కొనాలంటే దుడ్లు యాడుండాయి?" అని అమ్మ బతిమాలింది.

"పిల్లోళ్లు వట్టి సంగటి మింగలేక చస్తాండారు. పెనం మీద వెయ్యి!"

అమ్మ ఏడుస్తూనే వేయించింది. మిరపకాయలు, చింతపండు వేసి నూరింది. నిజం చెప్పొద్దూ, అంత రుచైన ఊరుబిండి నేను మళ్లీ తినలేదు. వేళ్లు నాక్కుంటూ తిన్నాం. అలా కొన్నాళ్లకు గింజ మిగలకుండా తినేశాం.

అప్పుడు పడింది, పాడు వాన! తెల్లారేసరికి ఊళ్లో విత్తే గొర్లన్నీ చేలమీద ఉన్నాయి. నాయన కండువా భుజాన వేసుకున్నాడు.

"యాడికి?" అంది అమ్మ.

"మన చేన్లో పదును చూసొస్తా."

"విత్తనమే లేకపాయె, పదునెందుకు చూసేది?"

ఆయన వినలేదు. కాళ్లనిండా బురదతో తిరిగొచ్చి గడపలో కూలబడ్డాడు.

"జానెడు లోతు తడిసినాది," అన్నాడు. "ఇట్లాంటి పదును నేనెప్పుడూ చూళ్లేదు."

కాసేపటికి అమ్మా ఆయనా లేచి, పక్క చేనువాళ్లకు విత్తనం వేసే కూలికి పోయారు.