గంటన్నర దూరంలో చెల్లెలు

సుగ్రా బేగం చెల్లెలు జన్నత్ బీకి అరవై తొమ్మిదిలో కరాచీ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు మేనత్త కొడుకే. వరంగల్ మట్టెవాడ నుంచి పిల్లను సాగనంపినప్పుడు, ఏడాదికోసారి వచ్చిపోతుందనే అందరూ అనుకున్నారు. రెండేళ్లకు యుద్ధం వచ్చింది. విమానాలు, రైళ్లు, ఆఖరికి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి.

డెబ్బై ఆరులో దారి మళ్లీ తెరిచారు. సుగ్రా భర్త ముక్తార్‌కు సైకిళ్లు బాగుచేసే షాపు ఉండేది. అక్కడికి వచ్చే వెంకట్రాజం సారు, బొంబాయి నుంచి కరాచీకి విమానంలో గంటన్నరేనని చెప్పాడు. సుగ్రా నమ్మలేదు. మేడారం జాతర బస్సుకే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక పోదాంలే అనుకుంటుండగానే మూడేళ్లు గడిచిపోయాయి. అప్పుడొచ్చింది టెలిగ్రాం. జన్నత్ కడుపులో గడ్డ, ఆపరేషన్ చేయాలి.

సుగ్రా ఆ రోజే బయలుదేరేదే. కానీ పాస్‌పోర్టు లేదు. విచారణకు వచ్చినవాళ్లు ఆమె కరాచీకి ఎందుకు పోతున్నదో ఒకరి తర్వాత ఒకరు అడిగారు. చెల్లె ఉన్నదని చెప్పుకోవడం కూడా తప్పేనా అని ఆమె వంటింట్లో గిన్నెలు విసిరికొట్టింది. పాస్‌పోర్టు చేతికొచ్చాక మొగుడూ పెళ్లాలు కాజీపేటలో రైలెక్కి వీసా కోసం ఢిల్లీ పోయారు. ఏదో కాగితం తక్కువైందని వెనక్కి పంపారు. ఆ కాగితం కరాచీ నుంచి రావాలి. అది వచ్చేలోపు ఆపరేషన్ అయిపోయింది, జన్నత్ బతికిందని కబురొచ్చింది. మళ్లీ ఢిల్లీ, మళ్లీ వరుస.

ఆఖరికి వీసా దొరికి బొంబాయిలో విమానం ఎక్కితే, ఇచ్చిన చాయ్ తాగేలోపే కిందికి దిగుతున్నామన్నారు. సుగ్రాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది.

జన్నత్ సగమైపోయింది. అక్కను చూసి మంచం మీంచి లేవలేదు.

“గంటన్నర పయానమంట ఆపా. నువ్వచ్చేసరికి ఏడాదాయె,” అంది. “నేను సచ్చినంక వద్దామనుకున్నవా?”

“నన్ను రానియ్యలే జన్నత్.”

“రావాలన్నోళ్లు వస్తరు.”

జన్నత్ పిల్లలకు అర్థం కాకూడదని ఇద్దరూ తెలుగులోనే కొట్లాడుకున్నారు. ఇండియా నుంచి వచ్చినవాళ్లందరిలాగే మరునాడు సుగ్రా పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి. ఆమెను జన్నతే వెంటబెట్టుకుని పోయింది. కుర్చీ కూడా లేని ఆ వరండాలో పూటంతా నిలబడ్డాక, అక్క చెయ్యి పట్టుకుంది.

ఎనభై నాలుగులో జన్నత్ వచ్చింది. కానీ ఆమె వీసాలో హైదరాబాద్ ఒక్కటే రాశారు. అందులో లేని వరంగల్‌కు ఆమె పోకూడదు. సుగ్రాయే పోయి, చుట్టాలింట్లో ఆమెను కలుసుకుంది. తాము పుట్టిన ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు, వాకిట్లో జామచెట్టు ఉన్నదా అని జన్నత్ అడుగుతూనే ఉంది. చెప్పీ చెప్పీ సుగ్రాకు ఓపిక పోయింది.

“లే, పోదాం. బస్సెక్కితే పొద్దుగూకేసరికి ఇంట్లుంటం. ఎవడాపుతడో సూస్త.”

జన్నత్ చెప్పుల వైపు చూసింది. మళ్లీ ముసుగు సర్దుకుని కూర్చుంది.

“పట్టుకుంటే నా పిల్లల కాడికి పోనియ్యరు ఆపా,” అంది.

సాయంత్రం సుగ్రా ఒక్కతే వరంగల్ బస్సెక్కింది.